మోషన్‌లో రక్తం కనిపిస్తే ఏం చేయాలి?

ముందు రంగు చూడండి. కమోడ్‌లో రెండు చుక్కలు ఎర్రగా పడి నొప్పి లేకపోతే చాలాసార్లు అవి మొలలే, బ్లేడుతో కోసినట్టు మంట పుడితే ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) కావచ్చు. ముందురోజు బీట్‌రూట్ తిన్నారేమో కూడా గుర్తు చేసుకోండి.

నీళ్లు బాగా తాగండి, జొన్నరొట్టె, ఆకుకూరలు, జామకాయ తినండి, గట్టిగా ముక్కకండి, ఫోన్ పట్టుకుని అక్కడే కూర్చోకండి. గోరువెచ్చని నీళ్ల టబ్‌లో 10-15 నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది.

వారమైనా ఆగకపోతే డాక్టర్‌కి చూపించండి. వయసు 45 దాటినా, బరువు తగ్గుతున్నా, మోషన్ అలవాటు మారినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా వారం కూడా ఆగొద్దు. సిగ్గుపడి గోడల మీద 'పైల్స్ గ్యారంటీ' బోర్డులు చూసి మాత్రం వెళ్లకండి, దయచేసి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో చూపించుకోండి, అవసరమైతే హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో వెళ్లొచ్చు.

తారులా నల్లగా, జిగటగా వచ్చినా (ఐరన్ మాత్రలతోనూ నలుపు వస్తుంది, కానీ మీరే తేల్చుకోకండి), రక్తం గడ్డలుగా పడినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి.