మీ కథ పరాయి దేశంలో కనబడితే

నాకు తెలియకుండా నా కథ ఒకటి సముద్రాలు దాటింది. ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, అమెరికాలో అమ్ముడయ్యే ఒక ఈ-పుస్తకంలో చేర్చారు. నా పేరు ఎక్కడా లేదు, అనువాదకుడే రచయితగా వెలిగిపోతున్నాడు. లింకు పంపిన పాఠకురాలు పాపం "అభినందనలండీ" అని కూడా రాసింది. ఒళ్లు మండి ప్రచురణకర్తకు రెండు పేజీల మెయిల్ కొట్టాను. "మీ కథ మా దేశంలో రిజిస్టర్ కాలేదు కదా" అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. నిజమేనేమో అనుకుని వారం రోజులు గమ్మున కూర్చున్నాను. మీకు ఆ వారం కలిసి రావాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, "ప్రపంచ కాపీరైట్" అనేది ఎక్కడా లేదు. అలాంటి సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే పర్సు తీయకండి. ఉన్నవి ఏ దేశానికి ఆ దేశపు చట్టాలు, వాటిని ముడివేసే ఒప్పందాలు. అన్నిటికీ పెద్దది బెర్న్ ఒప్పందం. 1878లో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో లాంటి వాళ్లు పారిస్‌లో పెట్టుకున్న రచయితల సంఘం పట్టుబట్టగా, 1886లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కుదిరింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. దాని అసలు మాట ఇది: సభ్యదేశాల్లో ఒకదాని రచయితను మరో దేశం తన సొంత రచయితలాగే చూడాలి.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది కాపీ ఏ దేశంలో జరిగింది అన్నది. రక్షణ ఎక్కడ కోరుతున్నామో అక్కడి చట్టమే వర్తిస్తుంది. నేను ఈ సంగతి తెలియక మా దేశపు చట్టాన్ని రెండుసార్లు బట్టీ పట్టాను. అమెరికాలో జరిగిన దొంగతనానికి అది అక్కరకు రాలేదు.

ఇక రిజిస్ట్రేషన్. 1908లో బెర్లిన్‌లో ఒప్పందాన్ని సవరించినప్పుడే, హక్కు పుట్టడానికి ఏ లాంఛనమూ అక్కర్లేదని రాసుకున్నారు. కథ రాసి ముగించగానే హక్కు మీది. నాకొచ్చిన జవాబు తప్పన్నమాట. అయితే అమెరికాలో ఒక మెలిక ఉంది. అక్కడి రచన అయితే కేసు వేసే ముందు రిజిస్టర్ చేయాలి, విదేశీ రచనకు ఆ షరతు లేదు. కానీ సకాలంలో రిజిస్టర్ చేయకపోతే చట్టం నిర్ణయించిన పరిహారం, లాయర్ ఖర్చులు అడగడానికి వీలుండదు. మనకు జరిగిన అసలు నష్టం, వాళ్లకొచ్చిన లాభం మాత్రమే అడగగలం. ఒక కథ విషయంలో ఆ అసలు నష్టం లెక్క కట్టడానికి కూర్చుంటే ఏడుపొస్తుంది. అమెరికాలో పాఠకులు ఉన్న వాళ్లు పుస్తకం రాగానే అక్కడ రిజిస్టర్ చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

సున్నాలో సి అక్షరం ఉండే గుర్తు గురించి కూడా అడుగుతుంటారు. బెర్న్‌కు అదేమీ అక్కర్లేదు. అమెరికా 1989 మార్చి 1 దాకా బెర్న్‌లో చేరలేదు. అంతకుముందు 1952 నాటి మరో ఒప్పందం కింద ఆ గుర్తు, పేరు, సంవత్సరం వేస్తే సరిపోయేది. ఆ అలవాటే మిగిలింది. నేనూ వేస్తాను, ఖర్చు లేదు కదా.

ఫిర్యాదుకు ముందు సాక్ష్యం పోగేయండి. నేను మెయిల్ కొట్టిన మర్నాడే ఆ పేజీలో వివరాలు మారిపోయాయి. మీరు ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, తేదీ కనబడేలా. ఆ పుస్తకం ఒక కాపీ కొని రసీదు దాచండి. మీ కథ మొదట అచ్చయిన సంచిక బయటికి తీయండి. రచన మీద మామూలుగా వేసే చోట మీ పేరుంటే చాలు, మీరు కాదని రుజువయ్యే దాకా రచయిత మీరేనని బెర్న్ చెబుతుంది. కలం పేరైనా ఫరవాలేదు, అది మీదేనన్న సంగతిలో సందేహం లేకపోతే.

ఫిర్యాదులో ఏ మాట ముందు రాయాలన్నది తేలిగ్గా తీసుకోకండి. నా పేరు తీసేశారన్నదే నాకు ఎక్కువ మంట. 1928 నుంచి బెర్న్‌లో పేరు హక్కు ఉంది కూడా. కానీ 1995లో అమల్లోకొచ్చిన ట్రిప్స్ ఒప్పందం (మేధో హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం) దాన్ని పక్కన పెట్టింది, అమెరికా చట్టంలో రచనల విషయంలో అది చాలా పలచన. అనువాద హక్కు మాత్రం అక్కడా గట్టిది. అందుకే రెండో మెయిల్‌లో "అనుమతి లేని అనువాదం" అన్న మాట మొదటి వాక్యంలో పెట్టి, పేరు సంగతి కిందికి దించాను.

ఆ మెయిల్ కూడా ప్రచురణకర్తకు కాదు, పుస్తకం అమ్ముతున్న ఆన్‌లైన్ దుకాణానికి పంపాను. అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం ఇలాంటి నోటీసులో నా రచన ఏది, కాపీ ఏ లింకులో ఉంది, నా చిరునామా, ఇది అనుమతి లేనిదని నిజంగా నమ్ముతున్నానన్న మాట, హక్కుదారుని నేనేనన్న ప్రమాణం, సంతకం ఉండాలి. అది అందాక దుకాణం పుస్తకాన్ని తీసేస్తుంది. తమ తప్పేమీ లేదని అవతలివాళ్లు ఎదురు నోటీసు ఇస్తే 10 నుంచి 14 పనిదినాల్లో మనం కోర్టుకెళ్లాలి, లేదంటే పుస్తకం మళ్లీ పైకొస్తుంది. టెన్షన్ పడ్డాను గానీ నా విషయంలో ఎదురు నోటీసు రాలేదు.

జెనీవాలోని వైపోకు (ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ మేధో సంపత్తి సంస్థకు) ఫిర్యాదు రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది కోర్టు కాదు. ఇద్దరూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వం జరుపుతుంది, అంతే. ప్రపంచ వాణిజ్య సంస్థకైతే ప్రభుత్వాలే వెళ్లగలవు, మనలాంటి వాళ్లం కాదు.

విదేశీ రచయితను మీరే అనువదించాలనుకుంటే ఇదంతా తిరగేసి చూడండి. రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉండాలని బెర్న్ అంటుంది. భారత్‌లో 60, యూరోపియన్ యూనియన్, అమెరికాల్లో 70, మెక్సికోలో ఏకంగా 100. మీరు ఎక్కడ అచ్చు వేస్తారో అక్కడి లెక్క చూసుకోవాలి.

నా కథ ఆ దుకాణంలోంచి పోయింది. డబ్బేమీ రాలేదు. నెల తిరక్కుండా ఆ అనువాదకుడే క్షమాపణ చెప్పి, ఇప్పుడు అనుమతి ఇస్తారా అని రాశాడు. ఏ భాష, ఏ దేశాలు, ఎన్నేళ్లు, నా పేరు ఎక్కడ, ఏ సైజులో అని ఒక పేజీ ఒప్పందం పంపాను. అతనింకా సంతకం పెట్టలేదు.