ఇంజిన్ లైటు వెలిగితే, కారు కింద మరక పడితే: రిపేరుకు ఒప్పుకునే ముందు చూసుకోవలసినవి

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగినప్పుడు నేను కారును నేరుగా ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో పి 0171 అనే కోడ్ రాగానే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. కొత్తది వేయించిన నాలుగు రోజులకే లైటు మళ్లీ వెలిగింది. తీరా చూస్తే, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు వెనుక సన్నని రబ్బరు గొట్టం ఒకటి వంపు దగ్గర చిట్లి ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని మాత్రమే ఆ కోడ్‌కు అర్థం. కోడ్ లక్షణాన్ని చెబుతుందే తప్ప, ఏ భాగం మార్చాలో చెప్పదు.

ముందుగా లైటు రంగు చూడండి. ఎర్రటి ఆయిల్ గుర్తు గానీ, ఎర్రటి టెంపరేచర్ గుర్తు గానీ వెలిగితే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్నా సరే, సురక్షితంగా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే పరీక్షించుకోవడానికి సమయం ఉన్నట్టే. అదే మినుకుమినుకుమంటుంటే మాత్రం మిస్‌ఫైర్ జరుగుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని, ఆ మండని పెట్రోలు పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని పాడుచేస్తోందని అర్థం; అప్పుడు బండి నడపకపోవడమే మంచిది.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఒక బ్లూటూత్ స్కానర్ కొని దానికి తగిలిస్తే కోడ్‌లు మీ ఫోనులోనే కనిపిస్తాయి. చెరిపేసే ముందు వాటిని, కోడ్ నమోదైన క్షణాన ఇంజిన్ వేగం, వేడి ఎంత ఉన్నాయో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలతో సహా రాసుకోండి. చెరిపితే ఆ ఆధారం పోతుంది. పి 0301 వచ్చిందనుకుందాం, అంటే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్. స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ సిలిండర్‌కొకటి ఉన్న పెట్రోలు కారైతే, ఇంజిన్ ఆపి, చల్లారాక, ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి చూడండి. కోడ్ పి 0302గా మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే స్పార్క్ ప్లగ్‌ను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను అనుమానించాలి. మన అపార్టుమెంటు సెల్లార్లలో ఎలుకల బెడద ఎక్కువ కనుక, ఏ సెన్సర్ కోడ్ వచ్చినా దాని వైరు కొరికి ఉందేమో ముందు చూడండి.

ఇక కారుతున్న ద్రవం సంగతి. రాత్రి సెల్లార్‌లో ఇంజిన్ కింద తెల్లటి అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. ఎండాకాలంలో ఏసీ వేసుకుని వచ్చాక కనిపించే రంగూ వాసనా లేని నీరు సహజమే. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి, కాస్త తియ్యటి వాసన వస్తే అది ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు, చల్లారాక కూడా బోరు నీళ్లు పోయవద్దు, ఎందుకంటే వాటిలోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి.

గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండేది ఇంజిన్ ఆయిల్. అది చుక్క పడిన చోటే కారుతోందని అనుకోకూడదు. బండి నడిచేటప్పుడు గాలికి అది వెనక్కి, కిందికి పాకుతుంది. ఇంజిన్ పైమూత అంచున ఉండే ట్యాపెట్ కవర్ గాస్కెట్ నుంచి జారిన ఆయిల్‌ను చూసి, గేర్‌బాక్సు దించి, దాని వైపు ఇంజిన్ చివర ఆయిల్‌ను ఆపే క్రాంక్ ఆయిల్ సీల్ మార్చాలని అంచనా రాయడం జరుగుతుంటుంది, ఖర్చులో రెండింటికీ పొంతనే ఉండదు. అందుకే ఇంజిన్‌ను శుభ్రంగా తుడిపించి, ఒకటి రెండు రోజులు నడిపాక, టార్చ్ వేసి అన్నిటికన్నా పైన తడిసిన చోటు వెతకండి. అంచనా చేతికొచ్చాక సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో ఆ భాగం ధర ఒకసారి కనుక్కోండి.

బ్రేక్ ఆయిల్ మట్టం కొద్దిగా తగ్గడం ప్యాడ్లు అరగడం వల్ల కూడా కావచ్చు. కానీ చక్రం లోపలి వైపు లేత పసుపు రంగు తడి కనిపించినా, పెడల్ మెత్తగా లోపలికి దిగినా, ఆ కారును నడుపుకుంటూ వర్క్‌షాపుకు తీసుకెళ్లకుండా టోయింగ్ వాహనం పిలిపించండి.