హోస్ట్స్ ఫైల్ పెట్టినా ప్రకటనలు ఆగట్లేదా? ముందు ఇవి చూడండి

హోస్ట్స్ ఫైల్ అంటే ఏ సైటు పేరు ఏ చిరునామాకు వెళ్లాలో విండోస్ చూసుకునే చిన్న జాబితా. ప్రకటనల సైట్ల పేర్ల పక్కన 0.0.0.0 అనే ఉత్తుత్తి చిరునామా రాస్తే అవి తెరుచుకోవు. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవడం, అలాంటి పేర్ల లిస్టు తెచ్చి అందులో పేస్ట్ చేయడం, సేవ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అన్నీ చేశాక కూడా ప్రకటనలు వస్తుంటే విండోస్‌ను తిట్టే ముందు ఒక్క సంగతి గమనించండి: ఆ ప్రకటన వెబ్‌పేజీ లోపల కనిపిస్తోందా, లేక తెర కుడివైపు కింది మూలన పైకి లేస్తోందా? ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

సమస్య: ఒక్క సైటు కూడా ఆగలేదు

ఫైల్ పేరు చూడండి. చూశాం అంటారు, చూసి ఉండరు. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్‌లోకి వెళ్లి, వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి అప్పుడు చూడండి. నోట్‌ప్యాడ్ చివర్న టీఎక్స్‌టీ తగిలించి ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్ దాన్ని దాచి ఉంటుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లు పక్కపక్కన కనిపిస్తున్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు. తోక తీసేయండి, కమాండ్ ప్రాంప్ట్‌లో డీఎన్ఎస్ ఫ్లష్ చేయండి (విండోస్ గుర్తుపెట్టుకున్న పాత సైటు చిరునామాలు చెరిపేయడం), బ్రౌజర్ మూసి తెరవండి.

ఇప్పుడు లిస్టులోని ఏదో ఒక పేరును అదే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ చేయండి, అంటే ఆ పేరు ఏ చిరునామాకు వెళ్తోందో అడగండి. పేరు పక్కన బ్రాకెట్లలో 0.0.0.0 రావాలి. దాని కింద జనరల్ ఫెయిల్యూర్ అని వస్తే కంగారు పడొద్దు, మనకు కావాల్సింది అదే.

సమస్య: కొన్ని ఆగాయి, కొన్ని ఆగలేదు

‘ఈ పేరుతో ఉన్నవన్నీ’ అని చెప్పే నక్షత్రం గుర్తు హోస్ట్స్ ఫైల్‌కు అర్థం కాదు. ఒక సైటుకు పది ఉపపేర్లుంటే పది లైన్లు రాయాల్సిందే. ముందు హెచ్‌టీటీపీ రాసినా ఆ లైను దండగ. యూట్యూబ్ ప్రకటనల సంగతి అడక్కండి. వీడియో వచ్చే సర్వర్ల నుంచే అవీ వస్తాయి కాబట్టి పేరుతో ఆపితే వీడియో కూడా ఆగుతుంది. వాటికి ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. క్రోమ్ పాత రకం ఎక్స్‌టెన్షన్లను తీసేసింది, అక్కడ ఇక లైట్ వెర్షనే గతి.

సమస్య: బ్రౌజర్ మూసి ఉన్నా మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అని వస్తోంది

జనాన్ని అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించుకుంటారు, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. ఎందుకంటే అది వైరస్ కాదు, మనం ఇచ్చిన అనుమతి. క్రికెట్ లైవ్ అనో, కొత్త సినిమా ఫ్రీ అనో ఏదో సైటుకు వెళ్తారు. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అని అడుగుతుంది. నొక్కుతారు. ఆ నొక్కుడుతో నోటిఫికేషన్లు పంపే హక్కు దానికి రాసిచ్చేసినట్టే.

హోస్ట్స్ ఫైల్ దీన్ని ఎందుకు ఆపలేదంటే, ఆ సందేశం ఆ సైటు నుంచి నేరుగా మీ ఇంటికి రాదు. క్రోమ్‌లో అయితే గూగుల్ నోటిఫికేషన్ సర్వర్ మీదుగా వస్తుంది. మీ లిస్టులో ఆ సర్వర్ పేరు ఉండదు, ఉండకూడదు కూడా. బ్రౌజర్ మూసినా క్రోమ్, ఎడ్జ్ వెనకాల నడుస్తూ ఉండొచ్చు, అందుకే ఏమీ తెరవకపోయినా అది ఊడిపడుతుంది.

ఈసారి వచ్చినప్పుడు ఇంటూ కొట్టేయకుండా చదవండి. పెద్ద ఎర్రక్షరాలు, పేరున్న యాంటీవైరస్ బొమ్మ, వీటిని వదిలేయండి. చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, ఎక్కడా వినని ఒక సైటు పేరు ఉంటాయి. ఏ బ్రౌజరని ఉందో అందులోనే సెట్టింగ్స్, సైట్ పర్మిషన్లు, నోటిఫికేషన్స్‌కు వెళ్లండి. ఎడ్జ్‌లోంచి వస్తుంటే క్రోమ్‌లో గంటసేపు వెతికేవాళ్లను చూశాను. అలౌ కింద ఉన్న జాబితాలో మీ బ్యాంకు, మెయిలు తప్ప తెలియనివన్నీ తీసేయండి. అసలు ఏ సైటూ అడగకూడదన్న ఆప్షన్ పెట్టేస్తే ఇంకా మేలు, ముఖ్యంగా నాన్నగారో పిల్లలో వాడే కంప్యూటరైతే. క్రోమ్‌లో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ప్రొఫైల్ ఉంటే ప్రతి ప్రొఫైల్లోనూ విడిగా చేయాలి. మనవాళ్లు మర్చిపోయేది ఇక్కడే.

ఆ వైరస్ సందేశంలో ఉన్న నంబరుకు ఎవరైనా ఫోన్ చేసి డబ్బు కట్టేసి ఉంటే, సెట్టింగ్స్ తర్వాత చూసుకోవచ్చు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: నిన్నటిదాకా బాగుంది, ఇవాళ లైన్లన్నీ పోయాయి

విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండర్ పని. విండోస్ మన సమాచారం మైక్రోసాఫ్ట్‌కు పంపకుండా ఆపుదామని మైక్రోసాఫ్ట్ సర్వర్ల పేర్లు కూడా లిస్టులో చేర్చి ఉంటారు. 2020 నుంచి డిఫెండర్ దాన్ని హోస్ట్స్ ఫైల్ హైజాక్ అని పట్టుకుని, ఫైల్‌ను మొదటికి తెస్తోంది. ఆ లైన్లు తీసేసి మిగతావి మళ్లీ పెట్టుకోండి.

ఇక అరుదైనవి. ప్రాక్సీ (మీ తరఫున సైట్లు తెచ్చిపెట్టే మధ్యవర్తి సర్వర్) వాడుతుంటే సైటు పేరును వెతికేది ప్రాక్సీయే, మీ ఫైల్ జోలికి రాదు. లిస్టు మరీ పెద్దదైతే నెట్ నెమ్మదిస్తుంది, చిన్నది పెట్టుకోండి. రౌటర్‌లో ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ (సైటు పేరుకు చిరునామా చెప్పే సర్వర్) పెట్టుకున్నవాళ్లు బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్ ఒకసారి చూసుకోండి. అక్కడ వేరే కంపెనీ పేరుంటే ఆ బ్రౌజర్ మీ రౌటర్ మాట వినదు.