మారుతున్న వాతావరణంలో చెక్క కట్టడాలు కుళ్లిపోకుండా కాపాడుకోవడం ఎలా?

చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు గాలి, వెచ్చదనం, తేమ కావాలి. వాతావరణ మార్పు వల్ల చాలాచోట్ల వెచ్చదనం, తేమ రెండూ పెరుగుతున్నాయి. చలి ప్రాంతాల్లోనైతే శిలీంధ్రాలు పెరగలేని నెలలే తగ్గిపోతున్నాయి. అందువల్ల పాత అనుభవంతో వేసుకున్న మన్నిక అంచనాలను మళ్లీ సరిచూసుకోవాలి.

1. ముప్పును లెక్కగట్టండి. నేలకు తగలని చెక్క కోసం అమెరికా శాస్త్రవేత్త షెఫర్ 1971లో ఒక సులువైన సూచిక ఇచ్చాడు. నెల సగటు ఉష్ణోగ్రత (సెల్సియస్‌లో) నుంచి 2, ఆ నెలలో కనీసం 0.25 మిల్లీమీటర్ల వాన పడిన రోజుల నుంచి 3 తీసివేసి, ఆ రెండింటినీ గుణించాలి. పన్నెండు నెలల ఫలితాలను కూడి 16.7తో భాగించాలి. అలా భాగించగా వచ్చిన విలువ 35 లోపు ఉంటే ముప్పు తక్కువ, 65 దాటితే ఎక్కువ. ఉదాహరణకు 22 డిగ్రీలు, 10 వాన రోజులు ఉన్న నెలకు గుణకారం 140 వస్తుంది. ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పెరిగితే అది 154 అవుతుంది. వాన రోజులు 2 పెరిగితే ఏకంగా 180కి చేరుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది ఈ లెక్కలోకి రాదు, చెక్క ఎన్నిసార్లు తడిసిందన్నదే ముఖ్యం. పాత సగటులు కాకుండా ఇటీవలి సంవత్సరాల గణాంకాలనే వాడండి.

2. తేమ కొలవండి. తేమ మీటరుతో స్తంభాల అడుగున, దూలం గోడలోకి వెళ్లే చోట, అతుకుల దగ్గర, ముఖ్యంగా అడ్డంగా కోసిన చివరల వద్ద చూడండి. పక్క ముఖాల కంటే చివరల నుంచి నీరు చాలా వేగంగా లోపలికి దిగుతుంది. వాన వెలిసిన వెంటనే ఒకసారి, కొన్ని పొడి రోజుల తరువాత మరోసారి కొలవాలి. రెండోసారి కూడా 20 శాతం దాటి ఉంటే ఆ భాగం ఆరడం లేదని అర్థం. దాదాపు 30 శాతం దాటాక కుళ్లు వేగంగా సాగుతుంది.

3. గుచ్చి చూడండి. సన్నని మొనతో గుచ్చి పైకి లేపితే గట్టి చెక్క పొడవాటి పీచుగా లేస్తుంది, కుళ్లినది పొట్టి ముక్కలుగా పుటుక్కున విరుగుతుంది. చెక్కను గోధుమరంగులోకి మార్చే రకం కుళ్లులో చెక్క బరువు కొద్దిగా తగ్గేసరికే బలం చాలావరకు పోతుంది కనుక, పైకి బాగానే ఉన్న దూలాన్ని కూడా నమ్మకూడదు.

4. నీటికి దారి మళ్లించండి. చాలామంది రంగుతో మొదలుపెడతారు గానీ, నా దృష్టిలో అది చివరి పని. ముందు కారే చోట్లు మూసి, చూరు పొడిగించి, స్తంభాల అడుగును నేల నుంచి ఎత్తి, చివరలపై మూత అమర్చాలి. దీర్ఘకాలపు ఎండలకు విచ్చిన పగుళ్లలోకి ఆ తరువాతి కుండపోత వాన నేరుగా చేరుతుంది కనుక, పైకి తెరుచుకున్న పగుళ్లను వానలకు ముందే కప్పాలి.

5. పూతను ఆచితూచి ఎంచుకోండి. మందపాటి రంగు పొర పగిలితే లోపలికి చేరిన నీరు తిరిగి బయటకు రాలేదు. ఆవిరిని వదిలే పూత మేలు. చెక్కకు శిలీంధ్రాలు పట్టకుండా వాడే బోరాన్ లవణాలు నీటిలో కరిగిపోతాయి కాబట్టి వాటిని కప్పు కింద ఉండే చెక్కకే వాడాలి. కుళ్లిన భాగాన్ని మార్చేటప్పుడు చేవ ఉన్న కలపనే వేయించండి.