ఇంట్లో జింజర్ బీర్: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

జింజర్ బీర్‌కు కావలసినవి నాలుగే: అల్లం, పంచదార, నిమ్మకాయ, నీళ్లు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వైపు పుట్టిన, పులియబెట్టి గ్యాస్ పట్టించే పానీయం ఇది. అక్కడి చలికి సరిపడా రాసుకున్న రోజుల లెక్కలే ఇప్పటికీ అందరూ ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాస్తున్నారు. ‘సీసాలు మూడు నుంచి ఐదు రోజులు బయట ఉంచండి’ అన్నమాట లండన్‌లో సరే. మే నెలలో విజయవాడలో అదే పాటిస్తే వంటింటి గోడలు కడుక్కోవాల్సి వస్తుంది. కింద చెప్పబోయే సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే. సీసాను చూడాల్సిన చోట క్యాలెండర్ చూస్తున్నాం.

ముందుగా కొలతలు ఒకసారి చెప్పుకుందాం, తేడా ఎక్కడొచ్చిందో పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. తోడు కోసం (దీన్నే జింజర్ బగ్ అంటున్నారు) రెండు గ్లాసుల నీళ్లలో రెండు పెద్ద చెంచాల అల్లం తురుము, రెండు పెద్ద చెంచాల పంచదార. ఆ తర్వాత రోజూ రెండూ ఒక్కో చెంచా వేసి కలపాలి. జాడీకి పలుచటి గుడ్డ కట్టాలి, మూత బిగించకూడదు. తోడు నురుగు కట్టాక, 2 లీటర్ల నీళ్లకు 150 గ్రాముల అల్లం, 200 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయలు. సగం నీళ్లలో అల్లం, పంచదార వేసి మరిగించి, మిగతా సగం చన్నీళ్లు కలిపి, పూర్తిగా చల్లారాక వడకట్టి, నిమ్మరసం పిండి, అర కప్పు తోడునీళ్లు పోసి సీసాలకు ఎత్తుకోవాలి.

తోడు కదలడం లేదు

వారం గడిచినా ఒక్క బుడగ లేదంటే ముందు నీళ్లను అనుమానించండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపడానికే వేస్తారు, మనం పెంచాలనుకుంటున్నదీ సూక్ష్మజీవుల్నే. మంజీరా నీళ్లయినా, మున్సిపాలిటీ నీళ్లయినా పావుగంట మరగనిచ్చి చల్లార్చి వాడండి. వెడల్పాటి గిన్నెలో రాత్రంతా మూత లేకుండా ఉంచినా క్లోరిన్ చాలావరకు పోతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లకు ఈ చిట్కా అన్ని ఊళ్లలో పనిచేయదు. అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు, అది అంత తేలిగ్గా ఎగిరిపోదు. అక్కడ కార్బన్ ఫిల్టర్ నీళ్లో, సీసా నీళ్లో వాడుకోవడమే మేలు. ఆర్వో నీళ్లతో ప్రమాదం లేదు కానీ వాటిలో ఖనిజాలు తక్కువ, తోడు కాస్త మందకొడిగా ఉంటుంది. చిన్న బెల్లం ముక్క వేస్తే పుంజుకుంటుంది.

రెండో అనుమానం అల్లం మీద. పులియబెట్టే ఈస్ట్ ఉండేది అల్లం తొక్క మీదే. కూరకు అల్లం చెక్కినట్టు తెల్లగా చెక్కి వేస్తే అసలు సరుకును చెత్తబుట్టలో వేసినట్టే. మట్టి పోయేలా నీళ్లతో కడిగి తొక్కతోనే తురమండి. కొమ్ములు మొలకెత్తకుండా అల్లాన్ని రేడియేషన్‌కు గురిచేసే పద్ధతి ఒకటుంది, దానికి మన దేశంలోనూ అనుమతి ఉంది. అలాంటి అల్లంలో రుచి ఉంటుంది, తోడుకు కావలసిన ప్రాణం తగ్గి ఉండవచ్చు. విదేశాల్లో సూపర్‌మార్కెట్ అల్లంతో తోడు లేవకపోతే ఆర్గానిక్ అని ధ్రువీకరించినది కొని చూడండి, దానికి రేడియేషన్ నిషిద్ధం. మన దగ్గరైతే నున్నగా మెరిసే అల్లం వదిలేసి, రైతుబజార్‌లో మట్టి అంటుకుని దొరికేది ఏరుకోండి. జహీరాబాద్ అల్లమా, పాడేరు ఏజెన్సీ అల్లమా అన్నది తోడుకు పెద్ద తేడా కాదు. తాజాదై ఉంటే చాలు.

మూడోది చలి. డిసెంబరులో హైదరాబాద్‌లోనే తోడుకు వారం పట్టవచ్చు. ఫ్రిజ్ పైభాగంలో గానీ, ఇన్వర్టర్ పక్కన గానీ పెడితే ఆ గోరువెచ్చదనం సరిపోతుంది.

బతికిందో లేదో కళ్లకన్నా చెవులు ముందు చెబుతాయి. చెంచాతో కలిపి జాడీ దగ్గర చెవి పెట్టండి. సన్నగా చుయ్‌మని వినిపిస్తే సిద్ధమవుతున్నట్టే. అల్లం పిప్పి అంతా పైకి తేలి, కలిపిన వెంటనే నురుగు లేస్తే వాడుకోవచ్చు.

పైన తెల్లగా ఏదో కట్టింది

పలుచగా, ముడతలు పడి, మీగడ పొరలా ఉంటే అది గాలి తగిలే చోట పెరిగే ఒక రకం ఈస్ట్. ప్రమాదం లేదు, రుచి మాత్రం చెడగొడుతుంది. చెంచాతో తీసేసి, రోజుకు రెండుసార్లు కలుపుతూ ఉండండి. దూదిలా నూగుగా లేచినా, ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగు కనిపించినా అది బూజు. పైపైన తీసి మిగతాది వాడదామని చూడకండి, మొత్తం పారబోసి జాడీని మరిగే నీళ్లతో కడగండి. బూజు సాధారణంగా నీళ్లపైన ఎండిపోయిన అల్లం తురుము మీద మొదలవుతుంది. రోజూ కలిపే ఇంట్లో అరుదు.

అడుగున తెల్లగా పేరుకునేది మాత్రం సమస్యే కాదు. అల్లంలోని పిండి పదార్థం, పని ముగించి కిందకు దిగిన ఈస్ట్ కలిసిన మడ్డి అది.

తోడు జిగురుగా సాగుతోంది

చెంచా ఎత్తితే తీగలా సాగుతుంటే భయపడకండి. పంచదార నుంచి జిగురును తయారుచేసే లూకోనోస్టాక్ అనే బాక్టీరియా పని అది. మన ఇడ్లీ పిండి పొంగడంలో పెద్ద చెయ్యి దీనిదే. ఈస్ట్ ఇంకా బలం పుంజుకోని మొదటి రోజుల్లో ఇలా అవుతుంది. సగం తోడు పారబోసి, మిగిలిన దానికి మరిగించి చల్లార్చిన నీళ్లు, కొత్త తురుము చేర్చి, పంచదార రెండు రోజులు సగానికి తగ్గించండి. పులుపు పెరిగేకొద్దీ జిగురు పోతుంది. పోకపోతే కొత్తగా మొదలుపెట్టుకోవడమే, ఖర్చెంతని!

సీసాలో గ్యాస్ పట్టడం లేదు

తోడు బాగానే ఉంది, సీసాలో మాత్రం చప్పగా ఉంది అంటే ఇవి చూసుకోండి.

ఎక్కువగా జరిగేది తొందర. కషాయం వేడి మీద ఉండగానే తోడు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. గిన్నె బయట చెయ్యి పెడితే వెచ్చగా అనిపించినా ఇంకా ఆగాల్సిందే. అలా పోసేసి ఉంటే కంగారు లేదు, చల్లారాక మళ్లీ అర కప్పు తోడు పోయండి.

తర్వాతిది మూత. లోపల ఎంత గ్యాస్ పుట్టినా మూత దగ్గర జారిపోతుంటే లాభం లేదు. సీసాను తలకిందులు చేసి ఒక్క నిమిషం ఉంచండి, చెమ్మ కనిపిస్తే మూతో, రబ్బరు వాషరో మార్చండి.

షుగర్ ఉన్నవాళ్ల కోసం స్టీవియాతో చేస్తే గ్యాస్ రాదు, ఈస్ట్‌కు అది తిండి కాదు. బజారులో సీసాల్లో అమ్మే నిమ్మరసంలో నిల్వ ఉండటానికి మందు కలుపుతారు, అది ఈస్ట్‌ను ఆపేస్తుంది. కాయ కోసి పిండుకోండి. లవంగం, దాల్చినచెక్క ఎక్కువ మరిగించినా ఇదే గొడవ, ఆ రెండింటికీ ఈస్ట్‌ను అణిచే గుణం ఉంది. ఆ వాసన కావాలంటే తాగేముందు గ్లాసులో వేసుకోండి.

సీసా ఉబ్బింది, పగిలింది

మిగతావన్నీ రుచికి సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించినది. అందుకే కాస్త లెక్క చెప్పాలి.

లీటరు ద్రవంలో 4 గ్రాముల పంచదార పులిస్తే దాదాపు లీటరు గ్యాస్ పుడుతుంది. బజారు సోడా అంత ఘాటుగా గ్యాస్ పట్టాలంటే నాలుగు లీటర్ల గ్యాస్ చాలు, అంటే 15 గ్రాముల పంచదార పులిస్తే సరి. మరి మనం లీటరుకు వేసింది 100 గ్రాములు. అంతా పులియనిస్తే లీటరు సీసాలో 25 లీటర్ల గ్యాస్ తయారవుతుంది. మామూలు గాజు సీసా అంత ఒత్తిడికి ఆగదు. కాబట్టి జింజర్ బీర్ పని ముగిసే దాకా ఆగేది కాదు, సరైన సమయంలో ఆపేది. ఆపే సాధనం ఒక్కటే: ఫ్రిజ్. చల్లదనంలో ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది.

ఎప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలో తెలియాలంటే ప్రతి విడతలో కనీసం ఒక సీసా ప్లాస్టిక్‌ది ఉండాలి. అదీ కూల్‌డ్రింక్ సీసాయే. తిరగేసి చూస్తే అడుగున ఐదు కాళ్లలా విడిపోయి ఉంటుంది చూడండి, అది ఒత్తిడికి తట్టుకోవడానికి చేసిన ఆకారం. పల్చటి మంచినీళ్ల సీసాకు అది ఉండదు, అలాంటిది వాడకండి. పోసిన రోజు బొటనవేలితో నొక్కితే పక్క లోపలికి పోతుంది. పూటపూటకీ నొక్కి చూడండి. ఒక దశలో వేలు ఎంత బలంగా అదిమినా సొట్ట పడదు, కొత్త కూల్‌డ్రింక్ సీసాలా గట్టిగా ఉంటుంది. ఆ క్షణమే అన్ని సీసాలూ ఫ్రిజ్‌లోకి. ఎండాకాలం ఇది ఒక్క రోజులోపే జరగవచ్చు, ఉదయం పోసినవి రాత్రికే చూసుకోవాలి. చలికాలం మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. మెల్‌బోర్న్ జూలైలోనో, న్యూజెర్సీ జనవరిలోనో ఇంకా ఎక్కువ. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సీసాలు పగలడం వింతేం కాదు.

గాజే కావాలంటే సోడా, బీరు కోసం తయారైన మందపాటి గుండ్రటి సీసాలే వాడండి. అలంకారానికి అమ్మే పలకల సీసాలకు మూలల దగ్గర బలం ఉండదు, బిగించే తీగ మూత ఉన్నా సరే. పచ్చడి జాడీలకు మూత బిగించడం అసలొద్దు. గోలీసోడా సీసాలో పోస్తే భలే ఉంటుందని సరదా పడేవాళ్లకు ఒక మాట: హైరమ్ కాడ్ రూపొందించిన ఆ సీసాలో గోలీ రబ్బరు చుట్టుకు అతుక్కోవాలంటే నింపేటప్పుడే లోపల ఒత్తిడి ఉండాలి. సోడా మిషన్ చేసే పని అది, ఇంట్లో నెమ్మదిగా పులిసే గ్యాస్‌తో కుదరదు.

ఇప్పటికే ఒక సీసా ఉబ్బిపోయి కనిపిస్తే దాన్ని అక్కడికక్కడ విప్పకండి. వేడిగా ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి ఫ్రిజ్ చల్లదనంలో ఉన్నదానికి రెండింతలకు పైగానే ఉంటుంది. గాజుదైతే మందపాటి తువ్వాలు చుట్టి, మొహం పక్కకు పెట్టి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు బయట పెరట్లో, తువ్వాలు విప్పకుండానే మూత కొద్దికొద్దిగా సడలించండి. పిల్లల చేతికి ఇవ్వకండి.

మూత తీస్తే సగం నేలపాలు

ఒత్తిడి సరిగ్గానే ఉన్నా ఇలా అవుతుందంటే వడకట్టడంలో లోపం. ద్రవంలో తేలే ప్రతి అల్లం నలుసు చుట్టూ గ్యాస్ బుడగలు కట్టి ఒక్కసారిగా లేస్తాయి. టీ జల్లెడ చాలదు, పలుచటి నూలు గుడ్డలో వడకట్టండి. తాగేముందు సీసా ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో కదలకుండా ఉండాలి. చల్లని నీళ్లలో గ్యాస్ బాగా కరిగి నిలుస్తుంది.

ఘాటు లేదు

లేత అల్లం తీసుకుని ఉంటారు, లేదంటే ఎక్కువ మరిగించి ఉంటారు. పచ్చి అల్లంలోని ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. చాలాసేపు ఉడికితే అందులో కొంత జింజరోన్‌గా మారుతుంది, అది తియ్యటి వాసనే కానీ మంట కాదు. నా మటుకు నేను సగం అల్లమే మరిగిస్తాను, మిగతా సగం పచ్చిగా దంచి పిండిన రసం చల్లారాక కలుపుతాను. ఇంకా కావాలంటే చిటికెడు శొంఠి పొడి. అల్లం ఎండేటప్పుడు జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ. శొంఠి గొంతులో ఆలస్యంగా, లోతుగా తగలడానికి కారణం అదే.

వాసన తేడాగా ఉంది

కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఈస్ట్‌కు పోషణ చాలలేదు, లేదా ఉక్కలో అవస్థ పడుతోంది. నాలుగు నల్ల ఎండుద్రాక్షలు వేసి, ఒకటి రెండు రోజులు కాస్త చల్లటి చోట పెట్టి చూడండి. బంగారు రంగువి వద్దు, వాటికి గంధకం పొగ పట్టిస్తారు. బెల్లంతో చేసేవాళ్లు పసుపచ్చగా మెరిసేది కాకుండా నల్లబెల్లం తీసుకోండి. రంగు తేల్చడానికి బెల్లంలో కలిపే హైడ్రోస్ కూడా గంధకం తాలూకుదే, ఈస్ట్‌కు గిట్టదు.

గోళ్ల రంగు చెరిపే ద్రవం వాసన వస్తే పారబోయండి. బ్రెడ్ వాసన వస్తే, తోడు బదులు బేకరీ ఈస్ట్ వేసి ఉంటారు, అదీ ఎక్కువగా. 2 లీటర్లకు చిటికెడు చాలు.

పుల్లగా అయిపోయింది

ఎక్కువసేపు బయట ఉంది, అంతే. వెనక్కి తిప్పలేం. గ్లాసులో కాస్త పంచదార పాకం కలిపితే తాగడానికి బాగానే ఉంటుంది. మూత సడలి గాలి తగిలి వెనిగర్ వాసన వచ్చేస్తే ఉల్లిపాయ ముక్కలు నానబెట్టుకోవడానికి వాడేయండి. ఇక ఎప్పుడు చేసినా మరీ తియ్యగా ఉందంటే దానికి ఉలటా, తొందరగా ఫ్రిజ్‌లో పెట్టేశారు. మళ్లీ బయట పెట్టి పూటపూటకీ నొక్కి చూడండి.

ఇందులో మత్తు ఉంటుందా?

ఉంటుంది, కొద్దిగా. పైన చెప్పిన 15 గ్రాముల పంచదార పులిస్తే ఆల్కహాల్ 1 శాతానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. రోజుల తరబడి వదిలేసి పంచదారంతా పులిస్తే 5 శాతం దాటవచ్చు, అది బజారు బీరు స్థాయే. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టినా సున్నా చేయలేం. గర్భిణులకు, చిన్న పిల్లలకు, ఆల్కహాల్ అసలు ముట్టనివాళ్లకు చెప్పకుండా పోసి ఇవ్వడం తప్పు. వాళ్ల కోసం అదే అల్లం కషాయాన్ని పంచదారతో చిక్కగా పాకంలా కాచి, చల్లారాక నిమ్మరసం పిండి సీసాలో పెట్టుకోండి. గ్లాసులో రెండు చెంచాలు వేసి చల్లటి సోడా పోస్తే చాలు, పులియబెట్టే పనే లేదు.