గోదావరి తేమలో నిలిచే మొదటి క్లాసికల్ గిటార్‌ను ఎలా ఎంచుకోవాలి?

భీమవరంలోనో, కాకినాడలోనో షాపుకెళ్లి ఊరికే గిటార్ కావాలంటే స్టీల్ తీగలది చేతికిచ్చే అవకాశమే ఎక్కువ, కాబట్టి ముందు తీగలు చూడండి. క్లాసికల్ గిటార్‌లో కింది మూడు సన్న తీగలు నైలాన్‌వి. పైన మూడు లావు తీగలకు లోహపు చుట్టు ఉంటుంది, అది చూసి స్టీల్ అనుకోవద్దు. మెడ కూడా వెడల్పే: పైచివర దాదాపు 52 మిల్లీమీటర్లు, స్టీల్ తీగల గిటార్‌కైతే 43 దగ్గర.

తర్వాత సైజు. పెద్దవాళ్లకు 650 మిల్లీమీటర్ల తీగ పొడవున్న ఫుల్ సైజే తీసుకోండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకైతే ముప్పావు సైజు.

ఇక చెక్క. మన దగ్గర అసలు విషయం ఇదే. పైపలక ఒకే చెక్కతో, అంటే సాలిడ్ స్ప్రూస్‌తోనో సెడార్‌తోనో చేస్తే నాదం బాగుంటుంది, నిజమే. కానీ చుట్టూ కాలవలు, చేలు, వానాకాలమంతా తడిగాలి ఉన్న మన ఊళ్లలో ఆ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పలక పైకి లేచి తీగలు ఎత్తవుతాయి, వేళ్లు నొప్పెట్టి నేర్చుకునేవాళ్లు మానేస్తారు. పొరలు అతికించిన లామినేట్ పలక అంతగా కదలదు. మొదటి గిటార్‌కు నా ఓటు దానికే, యమహా సీ40 లాంటిదైనా చాలు.

డబ్బు కట్టేముందు స్కేలు తీసి పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు కొలవండి: సన్న తీగకు 3, లావు తీగకు 4 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే బాగున్నట్టు. ఫ్రెట్లంటే వీణకున్నట్టు మెట్లే. ఒక్కో మెట్టు మీద ప్రతి తీగనూ నొక్కి మీటండి, ఎక్కడైనా జర్రుమంటే ఇంకోటి అడగండి. షాపువాళ్లు విసుక్కున్నా మొహమాటపడొద్దు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను, దీనికి స్టీల్ తీగలు వేయకండి. ఎవరో చెప్పారని నా మొదటి గిటార్‌కు వేయించాను, ఆ లాగుడికి బ్రిడ్జి, అంటే పైపలక మీద తీగలు కట్టే చెక్కముక్క, ఊడొచ్చింది, ఇప్పటికీ బాధే.

ఇంట్లో బ్యాగులో రెండు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, వానాకాలంలో చెమ్మ గోడకు ఆనించకండి. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతూ శ్రుతి దిగిపోతుంటాయి, రోజూ ట్యూనర్‌తో సరిచేసుకోండి, గిటార్ పాడైందని షాపుకు పట్టుకెళ్లిపోకండి.