లైనక్స్‌లో క్యాడ్, నల్ల తెరతో నా తిప్పలు

విండోస్ కోసమే తయారైన ఒక క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే) సాఫ్ట్‌వేర్‌ను లైనక్స్‌లో, విండోస్ ప్రోగ్రామ్‌లను నడిపించే వైన్ ద్వారా నడపాలని మూడు రాత్రులు కూర్చున్నాను. ఇన్‌స్టాలేషన్ ప్రతిసారీ సగంలో ఆగిపోయేది. నా పాత ప్రయోగాలన్నీ ఒకే వైన్ ఫోల్డర్‌లో కలగాపులగంగా పడి ఉన్నాయి మరి. వైన్ ఏ ఫోల్డర్ వాడాలో చెప్పే వైన్‌ప్రిఫిక్స్‌కు కొత్త ఖాళీ ఫోల్డర్ చూపించి, వైన్‌లోకి విండోస్ భాగాలను తెచ్చిపెట్టే వైన్‌ట్రిక్స్‌తో డాట్‌నెట్ 4.8 (చాలా విండోస్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మైక్రోసాఫ్ట్ భాగం) వేశాను. అది చాలాసేపు కదల్లేదు. టెన్షన్‌తో మధ్యలోనే మూసేశాను, కథ మళ్లీ మొదటికొచ్చింది! రెండోసారి ఓపిక పట్టాను.

ప్రోగ్రామ్ తెరుచుకుంది గానీ, డ్రాయింగ్ ఉండాల్సిన చోట నల్ల తెర. వైన్‌ను తెగ తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్‌3డి ఆదేశాలను, లైనక్స్‌లోనూ పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చే డీఎక్స్‌వీకేను పెట్టాను, ఆ వల్కన్‌ను అర్థం చేసుకునే డ్రైవర్‌ను మాత్రం వేయలేదు. టెర్మినల్‌లో వల్కన్ వివరాలు చూపే వల్కన్‌ఇన్ఫో కమాండ్ కొడితే గ్రాఫిక్స్ కార్డు పేరే రాలేదు, అప్పుడు వెలిగింది. డ్రైవర్ వేసి మళ్లీ తెరిస్తే గీతలన్నీ కనిపించాయి.

ప్రింట్ ప్రివ్యూ నొక్కితే మాత్రం ఇప్పటికీ మూసుకుపోతుంది. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, బయట ప్రింట్ తీసుకుంటున్నాను.